యంత్ర జీర్ణోద్ధరణం

పాఠ్యభాగ ఉద్దేశం

పాత వస్తువును పారవేసి కొత్తదానిని కొనుక్కోవడం నేటి లోకరీతి. అయినా నూరేళ్లనాటి కారు ఇంజనును మళ్లీ నడిపించడానికి ఎంతైనా వెచ్చించేవారు ప్రపంచమంతటా ఉన్నారు. ఆ ఖర్చు దేనికి అవుతుంది? ఎందుకు అంత అవుతుంది? దానివల్ల సమాజానికి దక్కేదేమిటి? ఈ ప్రశ్నలను విచారించి, వస్తువు ధరకూ పనితనం విలువకూ గల సంబంధాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

శిథిలమైన ఆలయాన్ని తిరిగి నిలబెట్టడాన్ని మన పెద్దలు జీర్ణోద్ధరణం అన్నారు. కొత్త గుడి కట్టించడం కంటె పాత గుడిని ఉద్ధరించడం మిన్న అని భావించారు. అందులో పుణ్యం మాట ఎట్లా ఉన్నా, కష్టం ఎక్కువన్నది మాత్రం నిజం. కొత్త గుడి కట్టే శిల్పి తనకు నచ్చిన రాయిని, తనకు నచ్చిన కొలతను ఎంచుకొంటాడు. పాత గుడిని ఉద్ధరించే శిల్పికి ఆ స్వేచ్ఛ లేదు. ఉన్న రాళ్లలో ఏది నిలుస్తుందో, ఏది నిలవదో అతడు మొదట పరీక్షించాలి. ఎన్నడో గతించిన శిల్పి కొలతకు తన ఉలిని లొంగదీయాలి. లేని రాయిని పక్కరాళ్లకు పొందికగా చెక్కి నిలపాలి. పరీక్షించడం, పొందించడం, లేనిదానిని సృష్టించడం అనే ఈ మూడు పనులే జీర్ణోద్ధరణానికి ప్రాణం. రాతికి చెప్పిన ఈ మాట ఇనుముకూ వర్తిస్తుంది. పాతకాలపు కారు ఇంజనును పునర్నిర్మించేవాడు చేసేవి ఈ మూడు పనులే. అతడికి చెల్లించే ధనం కూడా ప్రధానంగా ఈ మూడింటికే.

ఇట్లాంటి కార్లను 'వింటేజ్' కార్లు అంటారు. ఈ మాట ద్రాక్షతోటల నుండి వచ్చింది. ఒక ఏటి ద్రాక్షపంటకు, ఆ పంటతో చేసిన ద్రాక్షాసవానికి అది పేరు. కాలం గడిచేకొద్దీ విలువ పెరిగే వస్తువు అన్న భావంతో ఆ పేరు కార్లకు కూడా వచ్చింది. బ్రిటన్‌లో 1919 నుండి 1930 వరకు తయారైన కార్లకే ఈ పేరు వాడడం ఆచారం. మన దేశంలో 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాలకు చేసిన సవరణ ప్రకారం 50 సంవత్సరాలు దాటిన ద్విచక్ర వాహనాలు, నాలుగు చక్రాల వాహనాలు వింటేజ్ వాహనాలుగా నమోదు కావచ్చు. అవి వాటి మూలరూపంలో ఉండాలన్నది నియమం. ఈ పాఠంలో ఆ పదాన్ని విశాలార్థంలోనే గ్రహించాలి.

నేడు ఎంతో ఖరీదైన ఈ పని ఒకప్పుడు ఎంత చౌకగా ఉండేదో చెప్పడానికి చరిత్రలో ఒక చక్కని నిదర్శనం ఉంది. 1907లో ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ సంస్థ తన కొత్త కారు దృఢత్వాన్ని లోకానికి చాటాలనుకొంది. సంస్థ వ్యవహారాలు చూసే క్లాడ్ జాన్సన్ ఒక కారుకు వెండిరంగు వేయించి, 'సిల్వర్ ఘోస్ట్' అని పేరు పెట్టించాడు. రాయల్ ఆటోమొబైల్ క్లబ్ పరిశీలకుల సమక్షంలో ఆ కారు లండన్, గ్లాస్గో నగరాల మధ్య పలుమార్లు రాకపోకలు సాగించి 15,000 మైళ్లు తిరిగింది. 629 మైళ్ల దగ్గర పెట్రోలు కుళాయి కుదుపుకు మూసుకుపోయి కారు ఒక్కసారి ఆగింది. తక్కిన 14,371 మైళ్లలో యంత్రలోపం వల్ల ఒక్కసారి కూడా ఆగలేదు. పిమ్మట కారును విడదీసి ప్రతి భాగాన్ని కొలిచారు. దానిని తిరిగి కొత్తదానితో సమానంగా చేయడానికి కావలసిన భాగాల విలువ కేవలం 2 పౌండ్ల 2 షిల్లింగుల 7 పెన్నీలని తేల్చారు.

ఈ స్వల్ప మొత్తానికి కారణమేమిటి? కారు దృఢమైనదన్నది మొదటి కారణం. అంతకంటె గమనింపదగిన కారణం మరొకటి ఉంది. ఆనాడు ఆ కారును చేసిన చేతులు అక్కడే ఉన్నాయి. భాగాల నమూనాలు, పోత అచ్చులు, కొలత పరికరాలు అన్నీ అదే యంత్రశాలలో సిద్ధంగా ఉన్నాయి. అరిగిన కీలు స్థానంలో మరొక కీలు అరమీద నుండి తీసి బిగించడమే పని. నూరేళ్లు గడిచేసరికి ఆ చేతులు లేవు. ఆ అచ్చులు లేవు. ఆ అరలు ఖాళీ అయ్యాయి. అందుచేత నాడు చిల్లర డబ్బులతో తీరిన పని నేడు ఒక గృహస్థు ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్మును అడుగుతున్నది.

ఈ ఖర్చు అర్థం కావాలంటే ఇంజను ఎట్లా జీర్ణమవుతుందో తెలియాలి. సిలిండరు అనే గుండ్రని గొట్టంలో పిస్టను పైకీ కిందికీ కదులుతుంది. ఇంధనం మండి పుట్టిన ఒత్తిడి పిస్టనును కిందికి తోస్తుంది. కనెక్టింగు రాడ్డు ఆ తోపును క్రాంకుషాఫ్టుకు అందిస్తుంది. ముందువెనుకల కదలిక అక్కడ భ్రమణంగా మారుతుంది. పిస్టను ఏళ్ల తరబడి ఒరుసుకోవడం వల్ల సిలిండరు గోడ అరుగుతుంది. ఆ అరుగుదల అంతటా సమానంగా ఉండదు. పైభాగంలో ఎక్కువ, కిందిభాగంలో తక్కువ. గుండ్రని రంధ్రం క్రమంగా కోలగా మారుతుంది. అప్పుడు మండిన వాయువు పక్కల నుండి జారిపోతుంది. నూనె పైకి ఎక్కి కాలుతుంది. పొగ పెరిగి శక్తి తగ్గుతుంది. క్రాంకుషాఫ్టు తిరిగే బేరింగులు కూడా అరిగి దడదడమని చప్పుడు చేస్తాయి.

నడిచిన ఇంజనుకే కాదు, నిలిచిన ఇంజనుకూ క్షయం తప్పదు. కొట్టంలో ఏళ్ల తరబడి కదలక పడి ఉన్న ఇంజను మరింత హానికి గురి కావచ్చు. నూనెపొర ఇంకిపోయి సిలిండరు గోడలకు తుప్పు పడుతుంది. పిస్టను రింగులు గోడలకు అతుక్కుపోతాయి. ఇంజనును చల్లబరచే నీటిదారులు లోలోపల తినివేయబడతాయి. పైకి నిగనిగలాడే కారు లోపల ఎంత శిథిలమైనదో విప్పి చూసేవరకు తెలియదు. కాబట్టి అనుభవజ్ఞుడైన పనివాడు ఇంజనును విప్పకుండా ఖర్చు ఇంత అని కచ్చితంగా చెప్పడు. నాడి చూడకుండా మందు చెప్పే వైద్యుని నమ్మరాదు. ఇంజను విప్పకుండా తుది ధర చెప్పే పనివాని మాట కూడా అటువంటిదే.

పునర్నిర్మాణంలోని పనులను వివరించడానికి ఫోర్డు సంస్థ తయారుచేసిన మోడల్ టీ కారు తగిన ఉదాహరణ. 1908లో మొదలై 1927లో ఆగేనాటికి అవి కోటిన్నర తయారయ్యాయి. 1913లో హైలాండ్ పార్కు కర్మాగారంలో కదిలే కూర్పువరుస ప్రవేశించిన తరువాత, 12 గంటల 30 నిమిషాలు పట్టే చట్రం కూర్పు 1914 నాటికి ఒక గంట 33 నిమిషాలలో ముగిసింది. ఆ వేగం వల్ల ధర కూడా దిగింది. 1908లో 850 డాలర్లు పలికిన కారు రకాలలో చౌకైనది 1925లో 260 డాలర్లకే దొరికింది. నేడు ఆ కారు ఇంజనును ఒక్కదానిని పూర్తిగా పునర్నిర్మించడానికి అమెరికాలో కొన్ని వేల డాలర్లు అవుతాయి. ఈ నూరేళ్లలో డబ్బు విలువ బాగా తగ్గిన మాట వాస్తవమే. ఆ తరుగును లెక్కకట్టినా, ఆనాటి నిండు కారు వెల నేటి ఒక్క ఇంజను పునర్నిర్మాణానికి ఇంచుమించు సరిపోతుంది.

మోడల్ టీ ఇంజను నాలుగు సిలిండర్లది. దాని పరిమాణం 2.9 లీటర్లు; శక్తి 20 అశ్వబలం. నాలుగు సిలిండర్లనూ ఒకే దిమ్మెగా పోత పోసి, పైన విప్పదీయగల హెడ్డును బిగించారు. మరమ్మతుకు సులువైన ఏర్పాటు అది. పల్లెటూరి రైతు కూడా తన కొట్టంలోనే హెడ్డు విప్పి మసి గీకి మళ్లీ బిగించుకొనేవాడు. ఇంత సరళమైన ఇంజనుకే అన్ని వేల ఖర్చు ఎందుకో చూద్దాం.

మొదటి పని పరీక్ష. ఇంజనును విప్పి, ప్రతి భాగాన్ని కడిగి, నూరేళ్ల జిడ్డును తొలగిస్తారు. తరువాత పగుళ్లను వెదకుతారు. కంటికి కనబడని పగులును పట్టడానికి ఒక ఉపాయం ఉంది. భాగాన్ని అయస్కాంతీకరించి, దానిపై సన్నని ఇనుప రజను చల్లుతారు. పగులు ఉన్నచోట రజను గీతలా పేరుకొంటుంది. మోడల్ టీ క్రాంకుషాఫ్టు సన్ననిది, విరగడానికి పేరుమోసినది. దానిలో పగులు ఉంటే పైన చేసిన పని అంతా ఒక్కనాడు వ్యర్థమవుతుంది. అటుపిమ్మట మైక్రోమీటరుతో కొలతలు మొదలవుతాయి. ఇక్కడి లెక్క అంగుళంలో వెయ్యోవంతు. తల వెంట్రుక మందం కంటె చిన్నదైన ఆ తేడా మీదనే ఇంజను బ్రతుకు ఆధారపడి ఉంటుంది.

రెండవ పని పొందించడం. కోలగా అరిగిన సిలిండరును యంత్రంపై మళ్లీ గుండ్రంగా తొలుస్తారు. మన ఊళ్లలో లారీలు, ట్రాక్టర్ల మరమ్మతు చేసేవారు దీనినే రీబోరు అంటారు. తొలిచిన మేరకు రంధ్రం పెద్దదవుతుంది కాబట్టి దానికి తగిన పెద్ద పిస్టనులు వేయాలి. తొలవడానికి గోడ మందం చాలకపోతే లోపల లైనరు అనే కొత్త గొట్టాన్ని దిగగొడతారు. క్రాంకుషాఫ్టు మెడలను సానపట్టి సమం చేస్తారు. వాల్వులు కూర్చునే గద్దెలను చెక్కుతారు. ఈ పనులలో ఒకదాని కొలత మరొకదానిని నిర్ణయిస్తుంది. కాబట్టి ఏ పనీ తొందరపడి చేయడానికి వీలులేదు.

మూడవ పని లేనిదానిని సృష్టించడం. మోడల్ టీ ఇంజనులో ఇందుకు చక్కని తార్కాణం బేరింగులు. ఆధునిక ఇంజనులో అరిగిన బేరింగును తీసి, అంగడిలో కొన్న రేకు బేరింగును అమరిస్తే సరిపోతుంది. ఆనాటి ఇంజనుకు ఆ వసతి లేదు. అమెరికాకు చెందిన ఐజాక్ బాబిట్ 1839లో రూపొందించిన మృదువైన మిశ్రలోహాన్ని కరిగించి, బేరింగును దాని స్థానంలోనే పోత పోయాలి. ఆయన పేరుతో దానికి బాబిట్ అని పేరు. మన పనివాళ్లు వైట్ మెటల్ అంటారు. దానిలో అధికభాగం తగరం. కొద్దిగా ఆంటిమొని, రాగి కలుస్తాయి.

ఈ పోత పని చూడడానికి సులభం, చేయడానికి కఠినం. ఇంజను దిమ్మెను ముందుగా వేడిచేయాలి. దిమ్మె చల్లగా ఉంటే పోసిన లోహం ముడుచుకొని, లోపల బొల్లులు ఏర్పడతాయి. లోహం వేడి ఎక్కువైతే దాని గుణం చెడుతుంది. పోయడం మొదలుపెట్టాక మధ్యలో ఆపరాదు. గట్టిపడిన తరువాత మూడు ప్రధాన బేరింగులనూ ఒకే సరళరేఖలో ఉండేటట్లు తొలవాలి. ఈ పనిలో లోహం వెల స్వల్పం. ఎంత వేడిలో, ఎంత వేగంతో పోయాలో తెలిసిన చేతికే వెల. అట్టి చేయి నేడు అరుదు. అరుదైనది ప్రియం కావడం లోకసహజం.

ఇంత కష్టపడి మెత్తని లోహాన్నే ఎందుకు వాడాలన్న సందేహం కలుగవచ్చు. నూనె కొరవడి ఒరిపిడి పెరిగినప్పుడు మెత్తని బాబిట్ తాను కరిగిపోతుంది. గట్టిదైన క్రాంకుషాఫ్టుకు తీవ్రహాని కలుగకుండా అడ్డుపడుతుంది. తాను నశించి మరొకదానిని కాపాడే లోహాన్ని ఆనాటి ఇంజనీర్లు బుద్ధిపూర్వకంగానే ఎన్నుకొన్నారు. ఈ మర్మం తెలియని పనివాడు గట్టిది మేలని మరొక లోహం పోస్తే, మొదటి నూనె కరవుకే క్రాంకుషాఫ్టు పాడవుతుంది. పాత యంత్రాన్ని బాగుచేయడానికి చేతిపనితో పాటు దానిని నిర్మించినవాని ఆలోచన కూడా తెలిసి ఉండాలనడానికి ఇదే నిదర్శనం.

ఇక ఖర్చుపట్టీని పరిశీలిస్తే మూడు పద్దులు కనిపిస్తాయి. పిస్టనులు, రింగులు, వాల్వులు వంటి కొత్త భాగాలు ఒక పద్దు. తొలవడం, సానపట్టడం, పోత పోయడం వంటి యంత్రశాల పనులు రెండవ పద్దు. విప్పడం, కడగడం, కొలవడం, కూర్చడం, కూర్చినదానిని విప్పి మళ్లీ సరిచూడడం మూడవ పద్దు. కారు యజమాని సాధారణంగా మొదటి పద్దునే ఊహించుకొని ఇంజను విప్పిస్తాడు. తక్కిన రెండు పద్దులు చూసి నివ్వెరపోతాడు. పనిలో అధికభాగం పనివాని గంటలే. నాడు కర్మాగారంలో కారు చట్రాన్ని గంటన్నరలో కూర్చిన సంగతిని, నేడు ఒక పనివాడు ఒక్క ఇంజను ముందు వారాల తరబడి కూర్చోవడాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఈ లెక్క బోధపడుతుంది.

మోడల్ టీ అదృష్టం దాని సంఖ్య. కోటిన్నర కార్లు తయారైనవి కావడం వల్ల దాని విడిభాగాలను నేటికీ కొత్తగా చేసి అమ్మేవారు ఉన్నారు. సిల్వర్ ఘోస్ట్ సంగతి వేరు. 1907లో ఒక కారుకు పెట్టిన ఆ పేరు తరువాత ఆ రకం కార్లన్నింటికీ స్థిరపడింది. 1906 నుండి 1926 వరకు అవి మొత్తం ఎనిమిది వేలకు లోపే తయారయ్యాయి. హైదరాబాదులోని చౌమహల్లా ప్యాలెస్‌ను దర్శించినవారు అక్కడ నిజాముల కాలపు పసుపురంగు కారును చూసి ఉంటారు. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. ఈ రకం కారు ఇంజనులో ఆరు సిలిండర్లు మూడేసి చొప్పున రెండు దిమ్మెలుగా ఉంటాయి. హెడ్డు విడిగా ఊడిరాదు; దిమ్మెతో కలిపే పోత పోశారు. పిస్టనులను చూడాలంటే బరువైన దిమ్మెలనే పైకి ఎత్తాలి.

అట్టి దిమ్మె నీటిదారి వద్ద పగిలి, అతకడానికి వీలుకాకపోతే కొత్తది పోత పోయించడం తప్ప మార్గం లేదు. అందుకు మొదట కొయ్యతో నమూనా చేయాలి. ఇసుకలో అచ్చు తీయాలి. పోసిన దిమ్మెను నెలల తరబడి చెక్కి, తొలిచి సిద్ధం చేయాలి. ఒక్క దిమ్మె కోసం చేసినా, పది దిమ్మెల కోసం చేసినా కొయ్య నమూనా ఖర్చు ఒక్కటే. ఇటువంటి కార్ల యజమానులు సంఘాలుగా ఏర్పడి, ఖర్చు పంచుకొని భాగాలను కలిసి చేయించుకోవడానికి కారణం ఇదే. ఈ తరగతి ఇంజనుల పునర్నిర్మాణం బ్రిటన్‌లో పదివేల పౌండ్ల లెక్కలలో సాగుతుంది. 2 పౌండ్ల 2 షిల్లింగుల 7 పెన్నీలతో మొదలైన కథ ఎంత దూరం వచ్చిందో చూడండి.

ఖర్చుకు వెరచి అడ్డదారులు తొక్కేవారూ ఉన్నారు. సిలిండరు కోలగా అరిగి ఉండగా దానిని తొలవకుండా కొత్త రింగులు మాత్రమే వేయించడం ఒక అడ్డదారి. గుండ్రని రింగు కోలగా ఉన్న రంధ్రానికి పొందదు. కొద్ది కాలానికే పొగ మళ్లీ మొదలవుతుంది. విప్పిన కూలి, కూర్చిన కూలి రెండుసార్లు చెల్లించవలసి వస్తుంది. పాత ఇంజనును తీసివేసి, మరొక బండి డీజిలు ఇంజనును అమర్చడం రెండవ అడ్డదారి. మన దేశంలో పాత అంబాసిడర్ కార్లకు, జీపులకు ఈ గతి తరచుగా పట్టింది. బండి నడుస్తుంది, ఖర్చు కలిసివస్తుంది. కాని 2021 నాటి నియమం ప్రకారం చట్రంలో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని మార్పు చేసిన వాహనానికి వింటేజ్ గుర్తింపు దక్కదు. 1950ల చివరలో మొదలై 2014లో తయారీ ఆగిన అంబాసిడర్ కార్లలో తొలినాటివి ఇప్పటికే 50 ఏళ్లు దాటాయి. ఆనాడు తీసి తుక్కుకు అమ్మిన మూల ఇంజను కోసం నేడు వెదకేవారున్నారు. తుక్కు ధరకు పోయినది ఇప్పుడు ధనం పోసినా సులభంగా దొరకదు.

కాలం తెచ్చిన కొత్త చిక్కులు కూడా ఖర్చును పెంచుతున్నాయి. గడచిన శతాబ్దంలో చాలాకాలం పెట్రోలులో సీసపు సమ్మేళనాన్ని కలిపేవారు. అది వాల్వుల గద్దెలు అరగకుండా కొంత కాపాడేది. ఆరోగ్యానికి హానికరమని 2000 సంవత్సరంలో మన దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు అమ్మకాన్ని నిలిపివేశారు. ఆ మార్పు సమాజానికి మేలు చేసింది. అయితే సీసపు పెట్రోలుకు అలవాటుపడిన ఇంజనును బాగుచేసేటప్పుడు వాల్వులకు గట్టి గద్దెలు వేయవలసి వస్తున్నది. 2025 నాటికి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే స్థితి వచ్చింది. ఇథనాల్ తేమను పీలుస్తుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలను చెడగొడుతుంది. కనుక గొట్టాలను, బిరడాలను కూడా కొత్త ఇంధనానికి తగినట్లు మార్చాలి. పాత యంత్రం పాత లోకంలోకి తిరిగి వెళ్లలేదు. నేటి లోకంలోనే దానికి చోటు కల్పించాలి.

ఇంత వెచ్చించిన యజమానికి ఆ సొమ్ము తిరిగి వస్తుందా అంటే, చాలా సందర్భాలలో రాదనే చెప్పాలి. అరుదైన కొద్ది కార్లను మినహాయిస్తే, పునర్నిర్మాణానికి అయిన మొత్తం కారు అమ్మకపు ధరను మించిపోవడం సాధారణం. లాభాపేక్షతో ఈ పనికి పూనుకొన్నవాడు మధ్యలోనే విరమిస్తాడు. విప్పి, పెట్టెలలో పోసి, తరువాత అతీగతీ లేక మిగిలిపోయిన ఇంజనులు ఎన్నో ఉన్నాయి. అట్లా చెదరిన ఇంజను కదలక నిలిచిన ఇంజను కంటె దీనస్థితిలో ఉన్నట్లు లెక్క. అందుచేత మొదలుపెట్టే ముందే ముగింపు వరకు శక్తి ఉన్నదో లేదో చూసుకోవాలి. శక్తి లేనప్పుడు ఇంజనును విప్పకుండా, నూనెపట్టించి తుప్పు పట్టకుండా భద్రపరచడమే వివేకం. ఉద్ధరించలేనివాడు కాపాడినా చాలు. తరువాతి తరంవాడు ఉద్ధరిస్తాడు.

ఈ వివేకాన్నే ప్రపంచ సంస్థ ఒకటి సూత్రప్రాయంగా చెప్పింది. పాత వాహనాల సంరక్షణ కోసం 1966లో ఏర్పడిన 'ఫీవా' అనే అంతర్జాతీయ సమాఖ్య 2012లో టూరిన్ చార్టర్ అనే ప్రమాణపత్రాన్ని ఆమోదించింది. వాహనంపై చేసే జోక్యం అవసరమైనంత మేరకే ఉండాలి; మార్చిన భాగాలను గుర్తించే వీలుండాలి; చేసిన పనిని రాతపూర్వకంగా నమోదు చేయాలి. దానిలోని ముఖ్య భావాలు ఇవి. శిథిలాలయాన్ని ఉద్ధరించే శిల్పి పాటించే నీతికి, ఈ నీతికి భేదం లేదు.

మరి నష్టమని తెలిసీ ఈ పనికి ధనం వెచ్చించడం వల్ల ఫలమేమిటి? ఆ ధనం ఒక పనివాని చేతిలోని విద్యను బ్రతికిస్తుంది. పోత పోసే విద్య పుస్తకంలో చదివితే రాదు. ఒకరు పోస్తుండగా మరొకరు పక్కన నిలబడి చూసి, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్వవలసిన విద్య అది. పని దొరికినన్నాళ్లే గురువు ఉంటాడు. గురువు ఉన్నన్నాళ్లే శిష్యుడు తయారవుతాడు. పని ఆగిన ఒక్క తరంలో ఆ విద్య అంతరిస్తుంది. అంతరించిన తరువాత ఎంత ధనం పోసినా అది కొనదొరకదు. మన పారిశ్రామిక శిక్షణ సంస్థలలో టర్నరు, మెషినిస్టు, మోటారు మెకానిక్కు విద్యలను అభ్యసించే యువకులు ఎందరో ఉన్నారు. లేతు ముందు నిలిచి అంగుళంలో వెయ్యోవంతును పట్టుకోగలిగిన యువకుని విద్య పాత ఇంజనుకే పరిమితం కాదు. రేపటి యంత్రానికీ అదే పునాది.

పాత ఇంజను మళ్లీ ప్రాణం పోసుకొని మ్రోగినప్పుడు వినవచ్చే ధ్వనిలో ఇద్దరి పనితనం ఉంటుంది. నూరేళ్ల క్రిందట దానిని నిర్మించినవాడు ఒకడు; నేడు అతడి కొలతను అర్థం చేసుకొన్నవాడు మరొకడు. పేరైనా తెలియని ఆ మొదటివానికి రెండవవాడు చేసే నమస్కారమే జీర్ణోద్ధరణం. దానికయ్యే ఖర్చును ఆ దృష్టితో చూసినప్పుడే అది ఎక్కువో తక్కువో నిర్ణయించగలం.

కఠిన పదాలకు అర్థాలు

జీర్ణోద్ధరణం : శిథిలమైనదానిని బాగుచేసి నిలబెట్టడం
ద్రాక్షాసవం : ద్రాక్షపండ్ల నుండి చేసిన మద్యం
పొందించడం : ఒకదానితో ఒకటి సరిపోయేటట్లు చేయడం
భ్రమణం : గుండ్రంగా తిరగడం
క్షయం : తరుగుదల, నాశం
తార్కాణం : నిదర్శనం
మర్మం : రహస్యం
వెరచి : భయపడి

అభ్యాసం

అ. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఆలయ జీర్ణోద్ధరణానికి, ఇంజను పునర్నిర్మాణానికి గల పోలికలను వివరించండి.
2. మోడల్ టీ, సిల్వర్ ఘోస్ట్ ఇంజనుల పునర్నిర్మాణంలో గల భేదాలను, ఖర్చులో తేడాకు కారణాలను చర్చించండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. 1907లో సిల్వర్ ఘోస్ట్ కారుకు జరిగిన పరీక్షను తెలపండి.
2. బేరింగులకు మెత్తని లోహాన్ని ఎందుకు వాడారు?
3. ఖర్చు తగ్గించుకోవడానికి తొక్కే అడ్డదారుల వల్ల కలిగే నష్టాలేమిటి?
4. టూరిన్ చార్టర్‌లోని ముఖ్య భావాలేవి?

ఇ. సందర్భ సహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఉద్ధరించలేనివాడు కాపాడినా చాలు.
2. పాత యంత్రం పాత లోకంలోకి తిరిగి వెళ్లలేదు.

ఈ. విడదీసి, సంధి పేరు రాయండి.
జీర్ణోద్ధరణం, పునర్నిర్మాణం, లాభాపేక్ష, విశాలార్థం

ఉ. మీ ఊరిలో యంత్రాల మరమ్మతు చేసే ఒక పనివానిని కలిసి, ఆయన ఆ విద్యను ఎట్లా నేర్చుకొన్నారో తెలుసుకొని ఒక పుటకు మించకుండా రాయండి.